గుల్మర్గ్‌లో ఒక్కరోజు స్కీ టూరింగ్, మంచు చరియల భద్రత కోర్సు: బెంగళూరు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఉంటున్న మేము కొద్దిమంది తెలుగువాళ్లం ఏటా ఫిబ్రవరిలో కశ్మీర్‌లోని గుల్మర్గ్ వెళ్తాం. అక్కడి గైడు దగ్గర ఒక రోజంతా స్కీ టూరింగ్, మంచు చరియల భద్రత నేర్చుకునే కోర్సు ఉంటుంది. మాతో రావాలనుకునేవారు డిసెంబరు నుంచే ఫోను చేయడం మొదలుపెడతారు. అవే ప్రశ్నలకు అవే జవాబులు చెప్పి గొంతు అరిగిపోయి ఈ పేజీ రాశాం. ఇది చదివాక కూడా సందేహం మిగిలితే అప్పుడు ఫోను చేయండి, విసుక్కోము.

స్కీ టూరింగ్ అంటే ఏమిటి? మామూలు స్కీయింగ్‌కు దీనికి తేడా ఏమిటి?

మామూలు స్కీయింగ్‌లో గొండోలానో (తీగ మీద నడిచే పెట్టె) లిఫ్టో మిమ్మల్ని పైకి చేరుస్తుంది, మీరు కిందికి జారుతారు. టూరింగ్‌లో ఎక్కడం కూడా మీ పనే. స్కీల అడుగున స్కిన్ అనే పొడవాటి పట్టీ అంటిస్తారు. దాని నూగు పిల్లి వీపు మీది బొచ్చులాంటిది, ఒకవైపు నిమిరితే నున్నగా జారుతుంది, ఎదురు నిమిరితే పట్టుకుంటుంది. అందుకే స్కీ ముందుకు జరుగుతుంది, వెనక్కి జారదు. పూర్వం సీల్ జంతువు చర్మం వాడేవారు, పేరు అలా వచ్చిందే. ఇప్పుడు నైలాను, లేదా అంగోరా మేక ఉన్ని. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌లో బూటు ముందు భాగం మాత్రమే బిగుసుకుని మడమ పైకి లేస్తుంది కాబట్టి నడవగలుగుతారు. పైకి చేరాక స్కిన్లు ఊడదీసి, మడమ బిగించి, కిందికి జారతారు. నాలుగు గంటలు ఎక్కి ఇరవై నిమిషాల్లో దిగిపోయే ఈ వ్యవహారంలో సుఖం ఏమిటని మా ఇంట్లో ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

నాకు స్కీయింగ్ అసలు రాదు. చేరవచ్చా?

ఈ కోర్సులో వద్దు. ముందు స్కీయింగ్ నేర్చుకోండి. గుల్మర్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ నడిపే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది. ఉత్తరాఖండ్‌లోని ఔలీలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ 7, 14 రోజుల కోర్సులు నడుపుతుంది. మనాలీలోని పర్వతారోహణ సంస్థ కూడా నేర్పుతుంది. చదును చేయని మంచులో, ఒక మోస్తరు వాలు మీద, పడకుండా మలుపులు తీసుకుంటూ దిగగలిగితే మాతో రావచ్చు. పడకుండా అంటే అసలు పడకుండా అని కాదు, పడితే ఒంటరిగా లేవగలగాలి. మెత్తటి మంచులో పడి లేవడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుసు.

పత్రికల్లో "హిమపాతం" అని రాస్తారు కదా, మీరు "మంచు చరియ" అంటారెందుకు?

హిమపాతం అంటే మంచు కురవడమూ అవుతుంది, కొండ మీది మంచు విరిగి పడటమూ అవుతుంది. ఒకటి పర్యాటకులు ఫోటోలు తీసుకునేది, రెండోది మనుషులను చంపేది. భద్రత గురించి రాసే చోట ఈ రెండింటికీ ఒకే మాట వాడటం మాకు నచ్చదు.

నిజానికి ఇబ్బంది ఇంకా లోతైనది. గడ్డి మీది తుషారమూ మంచే, ఉదయం రోడ్డు కనిపించకుండా కమ్మేదీ మంచే, కొండ మీద కురిసేదీ మంచే, గ్లాసులో గడ్డా వాడుకలో మంచు ముక్కే. ఇన్నింటికి ఒక్క మాటతో సరిపెట్టుకున్నవాళ్లం మనం, తప్పేమీ లేదు, అంతకంటే అవసరం పడలేదు. కోర్సులో మొదటి రెండు గంటలు ఈ ఒక్క మాటను విడగొట్టడానికే సరిపోతాయి. నిన్న పడిన మంచు, గాలి తెచ్చి పేర్చిన మంచు, ఎండకు కరిగి రాత్రి గట్టిపడిన మంచు, అడుగున పంచదారలా రాలిపోయే మంచు వేరువేరని మీ చేతివేళ్లకు తెలిసేదాకా గైడు వదలడు.

మంచు చరియ ఎందుకు విరిగి పడుతుంది?

కొండ మీద మంచు ఒకే ముద్దగా ఉండదు. పూతరేకుల్లా పొర మీద పొర ఉంటుంది. ఒక్కో పొర ఒక్కో రోజు వాతావరణానికి గుర్తు. అడుగున బలహీనమైన పొర, దాని మీద గట్టి పలక ఉంటే ఆ పలక మొత్తం ఒక్కసారిగా విరిగి జారిపోవచ్చు. స్కీయర్లను చంపేవాటిలో ఎక్కువ ఈ పలక చరియలే. ఇంకో విషయం ముఖ్యం: ఇలాంటి ప్రమాదాల్లో చాలావరకు చరియను కదిలించేది చిక్కుకున్నవాళ్లో, వారి బృందంలోని మరొకరో. అది ఎక్కడి నుంచో వచ్చి మన మీద పడదు, మన బరువే దాన్ని విరగ్గొడుతుంది.

బలహీనమైన పొర ఎలా వస్తుంది? మంచు పలచగా ఉండి, పైన గాలి బాగా చల్లగా ఉంటే, అడుగున నేల మాత్రం సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. కొద్దిపాటి మందంలోనే ఇంత ఉష్ణోగ్రత తేడా ఉండటంతో కింది నుంచి ఆవిరి పైకి ప్రయాణిస్తూ రేణువులను పెద్దవిగా, పలుకులుగా మార్చేస్తుంది. వాటి మధ్య అతుకు ఉండదు. గుప్పెట్లోకి తీసుకుంటే పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి. అందుకే మంచు తక్కువ పడిన ఏడాది ప్రమాదం తక్కువ అనుకోవడం పొరపాటు. 2024 జనవరిలో గుల్మర్గ్ చాలా రోజులు దాదాపు బోసిగా ఉండి, తరువాత మంచు కురిసింది. అలాంటి చలికాలంలో అడుగు పొర ఎలా ఉందని అడగకుండా అడుగు వేయకూడదు.

ఇంట్లో చేసి చూడవచ్చు. పెద్ద స్టీలు పళ్లెంలో అరంగుళం మందాన పంచదార పరవండి. దాని మీద గోధుమపిండి జల్లి అరచేత్తో మెల్లగా అదమండి. వాలు కొలిచే యాప్ ఉన్న ఫోనును పళ్లెం అంచుకు ఆనించి, నెమ్మదిగా ఎత్తండి. ఒకచోట పిండికి అడ్డంగా గీత పడుతుంది, మరుక్షణం పలక మొత్తం జారుతుంది. వంటింట్లో తిట్లు తప్పవు కానీ ఆ గీతను ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు.

పలక చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద కదులుతాయి. అపార్ట్‌మెంటు మెట్ల చేతికర్ర మీద ఫోను పెట్టి చూడండి, ముప్పై డిగ్రీలో, కాస్త ఎక్కువో చూపిస్తుంది. అంటే అది ప్రమాదం మొదలయ్యే వాలు. స్కీయర్లకు మనసైన వాలూ సరిగ్గా అదే. ఈ ఆటలోని చిక్కంతా ఇక్కడే ఉంది. మీరు నిలబడింది చదునైన చోటే అయినా తలపైన నిటారు వాలు ఉంటే అక్కడి నుంచి వచ్చేది మీ దగ్గరికే వస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

గొండోలా నడిచే చోటే కదా, అక్కడ కూడా ప్రమాదమా?

గొండోలా రెండో దశ అఫర్వత్ కొండ మీద 3,900 మీటర్ల పైకి తీసుకెళ్తుంది. దాని చుట్టుపక్కల నిర్ణీత పరిధిలో స్కీ పెట్రోల్ బృందం మంచును పరీక్షించి, వాలులు తెరవడం, మూయడం చేస్తుంది. ఆ పరిధి దాటిన తరువాత చూసేవారెవరూ ఉండరు. దాటడానికి పెద్ద ప్రయాణం కూడా అక్కర్లేదు, గొండోలా దిగి కొద్ది నిమిషాలు పక్కకు నడిస్తే చాలు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద చరియలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ స్కీయర్ చనిపోయారు. ఎక్కడం యంత్రం సులువు చేసింది, కొండ మాత్రం అదే కొండ.

ఒక్కరోజులో ఏం నేర్పుతారు?

ఉదయం ఏడున్నరకు గదిలో మొదలు. ఆ రోజు హెచ్చరిక ఏమిటి, రాత్రి గాలి ఏ వైపు నుంచి వీచింది, ఏ వాలు మీద మంచు పేరుకుని ఉంటుంది, మన దారి ఎటు అన్నది పటం మీద చూస్తాం. పటంలో ఎత్తు గీతలు దగ్గరపడిన చోట వాలు నిటారు అని చదివే ఉంటారు, ఇక్కడ దాన్ని డిగ్రీల్లోకి మార్చడం నేర్పుతారు.

తరువాత బీకన్ల తనిఖీ. బీకన్ అంటే ఒంటికి కట్టుకునే రేడియో పరికరం. అందరివీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కాబట్టి ఏ కంపెనీదైనా మరోదాన్ని వెతకగలదు. గైడు ఒకచోట నిలబడితే ఒక్కొక్కరే ఆయన ముందు నుంచి నడుస్తారు, ప్రతి ఒక్కరి బీకనూ వినిపిస్తోందో లేదో చూస్తాడు. లాంఛనంలా కనిపిస్తుంది. మా రెండో ఏడాది అద్దెకు తెచ్చిన ఒక బీకన్ తెరపై బ్యాటరీ నిండుగా చూపించి, అర్ధగంటలో ఆరిపోయింది. అప్పటి నుంచి కొత్త ఆల్కలైన్ బ్యాటరీలు మేమే వేస్తాం.

అక్కడి నుంచి ఎక్కడం. స్కీని ఎత్తకుండా జరపడం, అడుగు చిన్నదిగా వేయడం, వాలు మీద దిశ మార్చే కిక్ టర్న్. కిక్ టర్న్ దగ్గర అందరి పరువూ పోతుంది, సిగ్గుపడకండి. దారిలో గైడు ఆగి వాలు ఎంతో ఊహించమంటాడు, తరువాత కొలుస్తాడు. మొదటిసారి అందరూ ఉన్నదానికంటే నిటారుగా చెబుతారు, మధ్యాహ్నానికి రెండు మూడు డిగ్రీల తేడాలోకి వస్తారు. ఒకచోట గొయ్యి తవ్వి పొరలు చూపిస్తారు, పార మీద చేత్తో తట్టి ఏ పొర విరుగుతుందో చూస్తారు. ఆ గొయ్యి ఆ ఒక్క చోటు కథే చెబుతుంది, ఇరవై అడుగుల పక్కన కథ వేరు కావచ్చు. కాలి కింద "ధబ్" మని మంచు కుంగిన శబ్దం, స్కీ ముందు నుంచి పాకే పగులు, దగ్గర్లో తాజాగా పడిన చరియ కనిపిస్తే మాత్రం గొయ్యి అక్కర్లేదు. కొండ తనంతట తానే చెబుతున్నట్టు.

మధ్యాహ్నం రక్షణ సాధన. ఒక సంచిలో బీకన్ పెట్టి పూడ్చేస్తారు. చివరిసారి మనిషి కనిపించిన చోటు గుర్తుపెట్టుకుని, మిగిలినవారు బీకన్లను వెతుకులాటకు మార్చి, సంకేతం అందేదాకా గబగబా, అందాక తెరపై దూరం చూపే అంకె తగ్గే దిశలో, చివరి మూడు మీటర్లలో మంచుకు ఆనించి చీమలా నడవాలి. అంకె అన్నిటికంటే తగ్గిన చోట ప్రోబ్ అనే పొడవాటి కడ్డీని వాలుకు లంబంగా దించుతూ, పాతిక సెంటీమీటర్ల ఎడంతో గుండ్రంగా బయటికి వెళ్తారు. తగిలిందా, కడ్డీ అక్కడే వదిలేసి, దాని దిగువ వైపు నుంచి తవ్వాలి. నేరుగా పైనుంచి తవ్వడం, అందరూ ఒకేచోట గుమిగూడటం మామూలుగా జరిగే తప్పులు. ఒక మీటరు లోతున ఉన్నవారిని తీయాలంటే టన్నుకు పైగా మంచు తోడాలి. ఆగిన చరియ సిమెంటులా బిగుసుకుంటుంది. ప్లాస్టిక్ పార తెస్తే మేము ఆటోలోనే వదిలేయిస్తాం.

బీకన్ ఉంటే భయం లేనట్టేనా?

బీకన్ చరియను ఆపదు. పూడిపోయాక మిమ్మల్ని వెతకడానికి పనికొస్తుంది, అదీ మీ పక్కవారికి వాడటం వస్తే. పూర్తిగా పూడినవారిని పది నిమిషాల్లోపు తీస్తే పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట నాటికి అది ముగ్గురికి పడిపోతుంది. ఎక్కువమందిని చంపేది చలి కాదు, ఊపిరాడకపోవడం. పది నిమిషాలంటే సాయంత్రం సిల్క్ బోర్డ్ కూడలి దాటడానికి కూడా చాలదు. చెట్లకూ రాళ్లకూ కొట్టుకుని పోయేవారికి ఆ పది నిమిషాలు కూడా ఉండవు.

ఫోను దగ్గర ఉంచుకుంటే బీకన్‌కు ఇబ్బందా? అవును. మామూలు వేళ కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరం ఉండాలి. స్మార్ట్ వాచీకీ, వేడినిచ్చే చేతి తొడుగులకీ ఇదే వర్తిస్తుంది.

ఏదైనా జరిగితే సైన్యం, హెలికాప్టర్ వస్తాయి కదా?

వస్తాయి, పది నిమిషాల్లో రావు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో చరియ కింద పదిమంది జవాన్లు పూడిపోయారు. వారిలో కర్నూలు జిల్లావారూ ఉన్నారు. కర్ణాటకలోని ధార్వాడ జిల్లాకు చెందిన హనుమంతప్ప కొప్పద్ ఆరు రోజుల తరువాత ప్రాణంతో దొరికారు, ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో చనిపోయారు. బెంగళూరులో ఈ కోర్సు మాట ఎత్తితే ఆయన పేరు తప్పకుండా వస్తుంది, "ఆరు రోజులు బతికారు కదా" అంటారు. ఆయన గుడారంలో ఉన్నారు, చుట్టూ కొంత గాలి మిగిలింది. వాలు మీద స్కీలతో ఉన్నవారికి అలాంటి చోటు దొరకదు. మీకు అందేది మీ బృందం సాయమే.

హెచ్చరికలు ఎక్కడ చూడాలి?

రక్షణ పరిశోధన సంస్థకు చెందిన డీజీఆర్‌ఈ చండీగఢ్ నుంచి చరియల హెచ్చరికలు ఇస్తుంది. 2020లో పాత మంచు అధ్యయన సంస్థను మరో ప్రయోగశాలతో కలిపి దీన్ని ఏర్పాటు చేశారు. జమ్మూకశ్మీర్ విపత్తు నిర్వహణ విభాగం వాటిని ఫలానా జిల్లాలో, ఫలానా ఎత్తు పైన అంటూ ప్రకటిస్తుంది. బారాముల్లా జిల్లా అంతటికీ ఒక మాట చెబితే మీ ముందున్న ఆ ఒక్క వాలు సంగతి అందులో ఉండదు, దాన్ని మీరే చదవాలి. ప్రపంచంలో చాలాచోట్ల వాడే అయిదు స్థాయిల కొలతలో 3 అంటే మధ్యస్థం అనుకుని నిశ్చింతగా వెళ్లేవారున్నారు. ఐరోపాలో మరణాలు ఎక్కువగా జరిగేది ఆ మూడో స్థాయి రోజుల్లోనే.

వెనక్కి తిరగాలని ఎవరు నిర్ణయిస్తారు? డబ్బు కట్టాక కూడా తిరగాల్సిందేనా?

ఈ పేజీలో మాకు అన్నిటికంటే ముఖ్యమైన జవాబు ఇది. గైడు తిరగమంటే తిరగాలి, అందులో చర్చ లేదు. కానీ గైడు అనకపోయినా బృందంలో ఏ ఒక్కరు వద్దన్నా అందరూ తిరుగుతాం. కారణం చెప్పలేకపోయినా సరే. కొత్తవారే ఒక్కోసారి పాతవారు అలవాటుపడి చూడటం మానేసినవి చూస్తారు.

కశ్మీరీ కుర్రవాడికి ఇవాళ కాకపోతే రేపు. అదే కొండ, అదే ఇల్లు. మనకు అలా కాదు. మేనేజరును బతిమాలి తెచ్చుకున్న నాలుగు రోజుల సెలవు, రెండు విమానాలు, హోటలు, అద్దె సామాను, ఇంట్లో చెప్పి వచ్చిన గొప్పలు. ఇవన్నీ కలిసి ఒక వాక్యంగా మారతాయి: "ఇంత దూరం వచ్చాం కదా." మేము విన్న వాక్యాల్లో ఇంత ప్రమాదకరమైనది లేదు. పైగా దానికి తోడు వస్తాయి: ముందు ఎవరో వెళ్లిన జాడలున్నాయి కదా, నిన్న ఇక్కడే దిగాం కదా, ఆయనకు అన్నీ తెలుసు కదా. కదా అని ముగిసే ప్రతి వాక్యం దగ్గరా ఆగడం మా బృందంలో అలవాటు చేసుకున్నాం. ఎవరైనా అనగానే మిగిలినవారు నవ్వుతారు, నవ్వుతూనే వాలు కొలుస్తారు.

మొన్నటి ఏడాది గట్టుకు రెండు వందల మీటర్ల దిగువ నుంచి తిరిగొచ్చాం. ఎండ కాచి, ఆకాశం కడిగినట్టుంది. గాలి మాత్రం రాత్రంతా మంచును మా వాలు మీదికే తెచ్చి పోసింది. ఆ రోజు ఆ వాలు మీద ఏ చరియా పడలేదు. మేము తప్పుగా తిరిగామా, సరిగా తిరిగామా అన్నది ఎప్పటికీ తేలదు.

బెంగళూరులో ఏం సాధన చేయవచ్చు?

కాళ్లకు నంది కొండ ఉంది. సుల్తాన్‌పేట వైపు పాత మెట్ల దారిలో వీపున ఎనిమిది కిలోల సంచితో, మాట్లాడగలిగేంత నెమ్మదిగా ఎక్కండి. దిగేటప్పుడు మోకాళ్లు వణికితే మరో నెల సాధన చేయాలి. సావనదుర్గ రాతి వాలు మీద కొలత సాధన బాగుంటుంది.

నగరంలో కృత్రిమ మంచుతో ఉన్న వినోద కేంద్రం గురించి చాలామంది అడుగుతారు. పిల్లలకు సరదాగా ఉంటుంది, అంతవరకే.

బీకన్ సాధనకు మంచు అక్కర్లేదు. ఆదివారం ఉదయం అగర చెరువు గట్టున ఎండుటాకుల కింద బీకన్ దాచి వెతుకుతాం. మొదట్లో కొత్తవారికి ఎనిమిది నిమిషాలు పడుతుంది, నాలుగో వారానికి మూడులోకి వస్తారు. నేల తవ్వవద్దు, దాచినదాన్ని వదిలి టీకి వెళ్లవద్దు. ఓసారి కాపలా మనిషి చాలాసేపు మమ్మల్ని చూసి, దగ్గరికి వచ్చి, ఏం పోగొట్టుకున్నారని కన్నడంలో అడిగాడు. స్నేహితుణ్ణి అని మావాడు చెప్పాడు. ఆ తరువాత చాలా వివరించాల్సి వచ్చింది.

అమెరికా నుంచి తెచ్చిన శాటిలైట్ మెసెంజర్ ఉంది. తీసుకురావచ్చా?

వద్దు. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, అలాంటి సందేశ పరికరాలు మన దేశంలో వాడటం చట్టవిరుద్ధం. విమానాశ్రయాల్లో వీటితో దొరికినవారిపై కేసులు పెట్టారు. కశ్మీర్‌లో ఇంకా కఠినం. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు కూడా అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉన్నవారు బృందంలో ఇద్దరైనా ఉండేలా చూస్తాం. అత్యవసర నంబరు 112.

ఎత్తు వల్ల ఇబ్బంది వస్తుందా?

బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది, గుల్మర్గ్ సుమారు 2,650. కోర్సుకు ముందు కనీసం రెండు రాత్రులు అక్కడ పడుకోవాలి. తలనొప్పితో పాటు వికారం ఉంటే పైకి వెళ్లనివ్వం. దాచిపెడితే అందరినీ ఇబ్బంది పెట్టినట్టే.

బట్టలు, తిండి?

నూలు బనియను వేసుకోకండి. చెమట పీల్చి అలాగే తడిగా ఉంటుంది, ఆగగానే వణికిస్తుంది. లోపల ఉన్ని లేదా సింథటిక్. నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ తప్పనిసరి, మబ్బు రోజున కూడా. గొట్టంతో తాగే నీటి సంచులు గడ్డకడతాయి, ఫ్లాస్కు తెచ్చుకోండి. ఇంటి నుంచి సున్నుండలు తెచ్చేవారికి ఒక మాట: చలికి నెయ్యి బిగిసి అవి రాళ్లవుతాయి. కోటు లోపలి జేబులో పెట్టుకుంటే తినగలరు.

మా అబ్బాయి వెళ్తానంటున్నాడు. మాకు భయంగా ఉంది. ఏం చెప్పమంటారు?

ఈ ప్రశ్న గుంటూరు, వరంగల్, అనంతపురం నుంచి వస్తుంది, ఎక్కువగా అమ్మలు అడుగుతారు. అమ్మగారూ, భయపడవద్దని మేము చెప్పం. ప్రమాదం లేదని చెప్పేవారితో పంపవద్దని మాత్రం చెబుతాం. వెళ్లే ముందు అబ్బాయిని రెండు ప్రశ్నలు అడగండి: ఎవరు వద్దంటే అందరూ తిరుగుతారు? పూడిపోతే నిన్ను తవ్వేది ఎవరు, వాళ్లకు వచ్చా? తడుముకోకుండా చెబితే సగం పాఠం అయినట్టే. నసిగితే మాకు ఫోను ఇవ్వమనండి.

ఎప్పుడు వెళ్లాలి? ఖర్చు ఎంత?

కశ్మీరీలు చిల్లై కలాన్ అనే నలభై రోజుల గడ్డు చలి డిసెంబరు 21న మొదలై జనవరి చివరికి ముగుస్తుంది. దాని తరువాతి నెల మాకు అనువు. శ్రీనగర్ నుంచి గుల్మర్గ్ సుమారు 50 కిలోమీటర్లు, తంగ్‌మర్గ్ దాటాక చక్రాలకు గొలుసులు కట్టిన బండి కావాల్సి రావచ్చు. ఖర్చు గైడుకు ఎంతమంది అన్నదాన్ని బట్టి మారుతుంది. మేము ఒక గైడుకు ఆరుగురికి మించనివ్వం. ఇంకా చవకగా పన్నెండుమందితో తీసుకెళ్లేవారు ఉంటారు, అక్కడ మీ కిక్ టర్న్ ఎవరూ చూడరు. బీమా పత్రంలో సాహస క్రీడలను మినహాయించారేమో చదవండి, చాలా పాలసీల్లో మినహాయిస్తారు.

సర్టిఫికెట్ ఇస్తారా?

ఇవ్వరు. ఒక్కరోజు కోర్సుతో సొంతంగా బృందాన్ని తీసుకెళ్లవచ్చని ఎవరైనా రాసిస్తే ఆ కాగితాన్ని నమ్మకండి.

పేరు నమోదుకు ఏ వివరాలు పంపాలి?

ఎంత స్కీయింగ్ వచ్చో ఒక వీడియో, బరువు, రక్తం గ్రూపు, వాడుతున్న మందులు. బరువు నిజమైనదే రాయండి, బైండింగ్ బిగింపు దాని మీద ఆధారపడుతుంది. బూటుకు మామూలు చెప్పుల సైజు పనికిరాదు. గోడకు మడమ ఆనించి నిలబడి, బొటనవేలి చివరిదాకా సెంటీమీటర్లలో కొలిచి, రెండు పాదాలకూ వేరువేరుగా రాయండి. సాయంత్రం పూట కొలవండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది.